శ్మశానం జాగకు జవాబొచ్చింది

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన ఊరు రిజర్వాయర్‌లో మునిగాక, సిద్దిపేట దగ్గరి ఈ కాలనీలో శ్మశానానికి జాగ ఏదని నువ్వు చెప్తే నేను రాసిచ్చిన ప్రశ్న గుర్తుందా? ఎమ్మెల్యే దాన్ని శాసనసభలో అడిగి రెండేళ్లయింది. ఇవాళ స్పీకర్ మంత్రిని నిలబెట్టి, "ఇంత ఆలస్యం ఎందుకైందో ముందు చెప్పండి" అన్నారు. మంత్రి క్షమాపణ కోరి, స్థలం కేటాయించామని చెప్పారు.

టీవీ చూస్తున్న అవ్వ, "బిడ్డా, మీ బాపును గీడికి తెద్దామా?" అంది.

ఆ రోజు వేరే చోటు లేక నిన్ను తొగుటలో మామ సాగు చేసే చెలకలో పూడ్చిపెట్టాం. అవ్వ ఫోన్ చేస్తే మామ, "బావ నాకేమన్న బరువైండా అక్కా? ఈడనే ఉండనియ్యి" అన్నాడు.

అవ్వ ఫోన్ పెట్టేసి నాతో అంది: "అయితే రేపు నేను పోయినంక నన్ను గూడ గాడికే తీస్కపో. గీ జాగ మందికి అక్కరకొస్తది."

సరేనన్నాను.