నా వైపు లివరు

ఏమండీ,

మీరు వెళ్ళిపోయి ఏడాది కావస్తోంది. వచ్చే నెలలో సంవత్సరీకం. ఇక్కడ మేమంతా కులాసా. ఈ మాట ముందే రాసేస్తున్నాను. ఎవరి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చినా మీరు మొదట కింది వరసలు చూసి, ఎవరికీ ఏమీ కాలేదని తేలాకే పైనుంచి చదివేవారు కదా... ఆ పని లేకుండా చేశాను.

ఇక అసలు సంగతి. మన పికప్పు వెనక ఇరుసుకు లాకు వేయించాను.

అవునండీ, నేనే. ఏది వేయించాలో మీరు ఏడాదికి పైగా తేల్చలేదు, నేను ఒక్క పూటలో తేల్చాను. నవ్వుతున్నారా? నవ్వండి. కానీ మొత్తం విన్నాక నవ్వండి.

మీరు ఆ లాకు వెంట ఎందుకు పడ్డారో నాకు తెలియదనుకున్నారా? మన రాజ్యం మొదటి కాన్పుకు వచ్చిన ఏడు, భాద్రపదంలో, నొప్పులు మొదలవగానే పికప్పులో మాన్వి ఆసుపత్రికి బయల్దేరాం. తుంగభద్ర కాలువ కింద మన ఆంధ్రా వాళ్ళు ఊరుగా కట్టుకున్న ఈ క్యాంపు దాటి రోడ్డెక్కే లోపు ఆ రేగడి దారి ఉందే, అక్కడ కూరుకుపోయాం. ఎడమ చక్రం బురదలో గిర్రున తిరుగుతోంది. కుడి చక్రం గట్టినేల మీద ఉండి కూడా కదలదు.

మనవి కృష్ణా జిల్లా బుర్రలు కదా, ఏం చేశాం? పరిగెత్తుకెళ్ళి వాములోంచి వరిగడ్డి లాక్కొచ్చి చక్రం కింద వేశాం. మన ఒండ్రునేలలో అయితే బండి ఆపాటికే లేచి పోయేది. నల్లరేగడిలో గడ్డి పడేసరికి గోడకు మెత్తే అడుసులా తయారై చక్రాన్ని చుట్టేసుకుంది. వేసిన కొద్దీ ఇంకా లావెక్కింది. పక్క పొలంలోని కన్నడాయన కంది కట్టె మోపు తెచ్చి, గడ్డి కాదు ఇది వేయాలని చేత్తో చూపించేదాకా మనకు తోచలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది. రాజ్యం దక్కింది. బిడ్డ దక్కలేదు.

 రాజ్యం కాస్త తేరుకున్నాక మీరు ఒక పొద్దున్న లేచి, పికప్పు కింద గోనె పరుచుకుని పడుకున్నారు. భోజనానికి పిలిచినా రాలేదు. నేను వంగి చూస్తే వెనక ఇరుసును తడుముతూ ఉన్నారు.

నాకు దాని సంగతి చెప్పింది కూడా మీరే. కళ్ళం దగ్గర నన్ను నిలబెట్టి, వడ్లు తొక్కుతూ గుంజ చుట్టూ తిరిగే ఎద్దుల్ని చూపించారు. "చూడవే, లోపలి ఎద్దు మెల్లగా నడుస్తోంది, బయటి ఎద్దు గబగబా నడుస్తోంది. బండి మలుపు తిరిగినా అంతే, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. దేని నడక దానికి ఇచ్చేదే ఇరుసు మధ్యలో ఉన్న ఆ ఇనప బుర్ర," అన్నారు. మరి బురదలో అలా ఎందుకు చేసిందని అడిగాను. "దానికి ఒక్కటే దురలవాటు. పని చేయగల ఎద్దును వదిలేసి, ఊరికే గంతులేసే ఎద్దుకే మేతంతా వేస్తుంది," అన్నారు. జారే చక్రానికే బలమంతా పంపిస్తుందన్నమాట. అలాంటప్పుడు రెండు చక్రాల్నీ కలిపి కట్టేసేదే లాకు. బళ్ళో పంతులు కూడా నాకు ఏదీ ఇంత బాగా చెప్పలేదండీ.

అంతవరకూ బాగానే ఉంది. ఎలా కట్టేయాలన్న దగ్గరే మీరు ఆగిపోయారు.

మాన్విలో మెకానిక్ ఖాసిం ఏమో, బుర్ర లోపలి పళ్ళు కలిపేసి వెల్డింగు కొడితే ఖలాస్, ఇక రెండు చక్రాలూ ఎప్పటికీ ఒకటే అనేవాడు. రాయచూరులో పాత ఇనప సామాన్లమ్మే నర్సప్ప దుకాణంలో ఇంకో రెండు రకాలు ఉండేవి. ఒకటి, ఎవరూ ముట్టుకోకుండా దానంతటదే బిగుసుకుని, మలుపు వస్తే దానంతటదే వదిలేసేది. రెండోది డ్యాము పనికి తెచ్చిన ఏదో బండిదట. లివరు లాగితే బిగుస్తుంది, వదిలితే వదులవుతుంది.

రాయచూరు వెళ్ళిన ప్రతిసారీ మిల్లులో వడ్లు దించి, మీరు ఆ దుకాణం ముందు చేరేవారు. నేను మిరపకాయ బజ్జీల పొట్లం పట్టుకుని బండిలో కూర్చునేదాన్ని. చీర కొనడానికి నేను కూడా ఇంతసేపు తీసుకోనని ఎన్నిసార్లు దెప్పానో! లాకు కోసం నేను వెళ్ళినప్పుడు నర్సప్ప అదే చెప్పి నవ్వాడు. మీ సారు రెండూ తిప్పి తిప్పి చూస్తుండె, చాయ్ తాగుతుండె, ఏది కావాలె సారు అంటే గిట్ల నవ్వి పోతుండె... అంటూ మీ నవ్వును అచ్చం చేసి చూపించాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

కోతలయ్యాక చూద్దామన్నారు. కోతలయ్యాయి. వడ్లు ఇంకా కళ్ళంలోనే ఉన్నాయి, మీరు లేరు. గుండె పట్టేసిందన్నారు. అన్నీ అంత నిదానంగా తేల్చే మనిషికి ఆ ఒక్క దాంట్లోనే ఎందుకంత తొందర?

ఉగాదికి ముందే అల్లుడి దగ్గర్నుంచి కబురు వచ్చింది, రాజ్యానికి మూడో నెల అని. సంతోషించానా, భయపడ్డానా... ఇప్పటికీ చెప్పలేను. వేళ్ళు మడిచి చూసుకుంటే మళ్ళీ భాద్రపదమే. మళ్ళీ అదే దారి.

మా తమ్ముడు సత్యం సంగతి మీకు తెలిసిందే, అన్నం ఉడక్కముందే కంచం ముందు కూర్చునే రకం. మీరు పోయాక పికప్పు నడిపేది వాడే. పొలం కూడా బాగా చూస్తున్నాడు, పాపం, వాణ్ణి ఏమీ అనకూడదు. కానీ వెల్డింగు కొట్టించేద్దాం అక్కా, పొద్దున్న ఇస్తే సాయంత్రానికి బండి వచ్చేస్తుంది అని ఒకటే పోరు. ఈ ఒక్క పని వాడికి వదిలేయాలనిపించలేదు. వాడినీ ఖాసింనూ వెంటబెట్టుకుని రాయచూరు నేనే వెళ్ళాను.

ఆ ఇనప ముక్కల మధ్య నిలబడితే నాకేం తెలుస్తుంది? ఏది మంచిదని అడిగితే అన్నీ మంచివే అన్నారు. అప్పుడు మీరు గుర్తొచ్చారు. రాజ్యానికి సంబంధం చూసేటప్పుడు అందరూ కుర్రాడు మంచివాడేనా అని అడుగుతుంటే, మీరు ఒక్కరే వాళ్ళ క్యాంపుకు వెళ్ళి, ఆ అబ్బాయికి కోపం వస్తే ఏం చేస్తాడని అడిగి వచ్చారు. అన్నం మానేసి పొలానికి పోతాడని ఎవరో చెప్పారట. అయితే ఇచ్చేద్దామన్నారు! నేను తల పట్టుకుంటే, "బాగున్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయే. చెడితే ఎలా చెడుతుందో అది అడగాలి," అన్నారు.

నేనూ అదే అడిగాను. ఒక్కొక్కటీ చెడితే ఏమవుతుంది?

వెల్డింగు చెడేదాకా అక్కర్లేదు, బాగున్నా మలుపు తిరగనివ్వదట. రెండు చక్రాలూ ఒకే నడక నడవాలంటే ఒకటి ఈడ్చుకుంటూ పోవాలి. తూము దగ్గర కాలువ గట్టు మీద మన దారి ఎలా మడత పడుతుందో తెలుసుగా? అక్కడ బండి తిరగనంటే తిన్నగా కాలువలోకే. పైగా టైర్లు అరుగుతాయి, ఏదో ఒకనాడు ఇరుసు విరుగుతుంది. ఇక దానంతటదే బిగుసుకునేది ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు వదులుతుందో నడిపేవాడికి ముందుగా తెలియదట. జారుడు గట్టు మీద ఒక్కసారిగా పట్టిందంటే బండి వెనక భాగం పక్కకు కొట్టేయొచ్చు. లోపల అరిగిపోయినా బయటికి కనపడదు. నమ్ముకుని బురదలో దిగాక గానీ దాని సంగతి బయటపడదు.

మరి లివరుది చెడితే? ఖాసిం దాన్ని తిరగేసి చూశాడు. లివరు నుంచి పోయే తీగ తెగితే లోపలి స్ప్రింగు వెనక్కి లాగేస్తుందమ్మా, లాకు పడదు, బండి ఇప్పుడెలా పోతోందో అలాగే పోతుంది అన్నాడు.

ఇప్పటికంటే అధ్వాన్నం కాకుండా చెడేది అదొక్కటే. దాన్నే ఎత్తించుకుని వచ్చాను.

దారంతా సత్యం మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆ గట్టు మీద స్టీరింగుకే రెండు చేతులూ చాలవు, ఇక లివరు లాగడానికి మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి తేవాలక్కా అన్నాడు.  మీరు కూడా అందుకే ఆగిపోయారేమో... తొందరపడ్డానా అని ఆ రాత్రి అన్నం సయించలేదు.

లాకును మన పాకలోనే ఇరుసుకు బిగించారు. అంతా అయ్యాక లివరు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. డ్రైవరు పక్కన గేరు కడ్డీ, హ్యాండు బ్రేకు, ఇక చోటే లేదు. ఖాసిం అటూ ఇటూ వెతికి, నేను కూర్చునే వైపు వంగి, అమ్మా, ఇక్కడ గుడ్డ ఎందుకు కుక్కారు అని అడిగాడు.

నా సీటుకూ తలుపుకూ మధ్య, కింద రేకుకు ఉన్న కన్నం! గుర్తుందా మీకు? ఒకరోజు ఎక్కి కూర్చుంటే కాళ్ళ పక్కన కొత్తగా కన్నం. దారిలో దుమ్మంతా నా చీర మీదికే. మూయించమని ఎంత పోరు పెట్టాను! "ఉండనీవే, దానితో పనుంది," అన్నారు. ఏం పనో చెబితే మీరెందుకవుతారు? విసిగిపోయి పాత గుడ్డ కుక్కేశాను.

ఖాసిం ఆ గుడ్డ లాగి, తీగ దూర్చాడు. ఎక్కడా తగలకుండా తిన్నగా ఇరుసు దాకా పోయింది. పక్కనే మరలకు చిల్లులు కూడా వేసి ఉన్నాయి. లివరు తెచ్చి వాటి మీద పెడితే సరిగ్గా కూర్చుంది. ఖాసిం నా వంక చూశాడు, సత్యం వంక చూశాడు. కన్నం అంచు చుట్టూ వేలు తిప్పి, ఆకురాయితో అరగదీశారమ్మా, ఎంత నున్నగా ఉందో అన్నాడు. తీగ కోసుకుపోకుండా ఉండటానికని సత్యం అన్నాడు. కాదు. నా చీర చిరగకుండా ఉండటానికి. అవునా?

వెల్డింగుకైతే కన్నం అక్కర్లేదు. దానంతటదే బిగుసుకునేదానికీ అక్కర్లేదు. అంటే మీరు ఎప్పుడో తేల్చేశారు. తేల్చి, డ్రైవరు ఎంత చాచినా చెయ్యి అందని చోట, నా చేతికి అందేలా కొలిచి మరీ పెట్టారు. దారి పొడుగునా అదిగో బురద, ఇదిగో గుంట అని నేను అరుస్తుంటే, "నాకంటే ముందు నీకే కనపడుతుంది," అని నవ్వేవారు. అది వెక్కిరింత అనుకున్నానండీ ఇన్నాళ్ళూ.

మరి నాకెందుకు చెప్పలేదు? అన్నీ తేలిపోయాక కూడా నర్సప్ప దుకాణంలో ఇంకా ఏం చూసేవారు?

ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో ఖాసిం నేర్పాడు. బురదలో దిగకముందే లాగాలి. కూరుకుని చక్రం గిర్రున తిరుగుతున్నప్పుడు లాగితే పళ్ళు విరుగుతాయి. గట్టినేల రాగానే, మలుపుకు ముందే వదిలేయాలి. సత్యం నడుపుతుంటే నేను లాగుతూ వదులుతూ కళ్ళం చుట్టూ తిరిగాం. క్యాంపు ఆడవాళ్ళంతా వచ్చి నిలబడి ఒకటే నవ్వు.

కాన్పుకు వచ్చిన రాజ్యాన్ని ముందే తీసుకెళ్ళి మాన్విలో ఉంచాలని గది మాట్లాడాం. సామాను కూడా కట్టాం. కానీ అనుకున్నదానికంటే ముందే నొప్పులు వచ్చాయి. మధ్యాహ్నం పూట, పొద్దుటి నుంచీ ఒకటే ముసురు. వెనక పరుపు వేసి, పైన టార్పాలిన్ కట్టి రాజ్యాన్ని పడుకోబెట్టాం. అల్లుడు దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఓ మూల కంది కట్టె మోపు కూడా వేయించాను. మీరైతే వేయించేవారు కదా.

రాజ్యం ఏడవలేదు. ఆ చోటు దగ్గర పడుతుంటే మాత్రం అమ్మా అని పిలిచింది. టార్పాలిన్ కింద ఏమీ కనపడకపోయినా ఎక్కడున్నామో దానికి తెలిసిపోయింది.

సత్యానికి ఇంకా దారి మామూలుగానే ఉంది. నాకు ముందు నల్లగా మెరుస్తూ కనపడింది. లాగాను. కింద టక్కుమంది. రెండు చేతులతోనూ పట్టుకుని వదల్లేదు. బండి దిగింది... ఎడమ చక్రం జారింది... బురద వచ్చి నా తలుపుకు కొట్టింది... ఆగిపోయామనే అనుకున్నాను. అప్పుడు కుడి చక్రం నెట్టింది. జారుతూ జారుతూనే రెండూ కలిసి నెట్టాయి. అదే చోటండీ. దాటేశాం.

గట్టినేల రాగానే, తూము మలుపుకు ముందే వదిలేశాను. అదీ మర్చిపోలేదు. మలుపు తిప్పాక సత్యం మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. వాన జల్లు పడిందట.

ఆడపిల్ల. దీపాలు పెట్టకముందే పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. చెవులు మీవే. పాలు పట్టబోయినా కాసేపు తేరిపార చూసి గానీ నోరు తెరవదు. ఎవరి పోలికో మీరే చెప్పండి.

మిమ్మల్ని అందరూ నాన్చుడు మనిషి అనేవారు. నేనూ అన్నాను, నాలుగు ఎక్కువే అన్నాను. ఇప్పుడు ఎవరైనా అంటే ఊరుకోను. మీరు నాన్చింది మా కోసమే. మీలాంటి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదండీ. ఉన్నప్పుడు ఈ మాట ఒక్కసారైనా చెప్పి ఉంటే, గిట్ల నవ్వి ఊరుకునేవారేమో...

తీగ కాస్త పొడుగు చేసి లివరును డ్రైవరు వైపు మార్చుకుందాం అక్కా అని సత్యం నిన్న మళ్ళీ మొదలుపెట్టాడు. కుదరదన్నాను. నేను ఆ బండి ఎక్కగలిగినన్నాళ్ళూ అది నా వైపే ఉంటుంది. బురద ముందు నాకే కనపడుతుంది కదా.

మీ
సీతమ్మ