దిండు మొక్క

మార్చి 4, మంగళవారం

ఇవాళ మూడు స్కూళ్ల పిల్లలు వచ్చారు. గంటలో ప్రపంచమంతా తిప్పి చూపించడం నా ఉద్యోగం. ఈ గాజు తోటలో గదులు నాలుగు. వాన గదిలో ఆకుల కొనలు సాగి ఉంటాయి, పడ్డ నీరు పడ్డట్టే జారిపోవాలి, లేకపోతే ఆకు కుళ్లుతుంది. గడ్డి గదిలో పైకి మూరెడు, కిందికి నిలువెత్తు వేళ్లు. పైదంతా తగలబడినా మళ్లీ లేస్తుంది. ఎడారి గదిలో మొక్కలు ఆకులు మానేసి ముళ్లు పెంచుకున్నాయి, దాచుకున్న చుక్క ఆవిరి కాకుండా. ఒక పిల్ల, వాటికి ఇష్టమయ్యే అలా పెరిగాయా అని అడిగింది. ఎవరూ ఇష్టపడి ముళ్లు పెంచుకోరు, పరిస్థితులే అలా తయారుచేస్తాయి అన్నాను. టీచర్ అదోలా చూసింది. చూడనీ.

నాలుగోది మంచు గది. ఇరవై మూడేళ్లుగా దాన్ని చూసుకునేది నాన్నే. అందులో దిండు మొక్క ఉంది. చెయ్యెడల్పు ఉంటుంది, పచ్చగా, నున్నగా, ఎవరో తల పెట్టుకుని లేచి వెళ్లినట్టు. పదేళ్లకి వేలెడంత పెరుగుతుంది. నాన్న కుర్రతనంలో మొక్కల మీద పరిశోధన చేసే ఒక మేడమ్ వెంట మూటలు మోస్తూ శిఖరం ఎక్కి, తడిగుడ్డలో మంచు చుట్టి తెచ్చాడు. ఇప్పుడు ఆ శిఖరం మీద మంచు లేదు. కింది పొదలు పైదాకా ఎక్కేశాయి. 'ఇక ఇక్కడ మాత్రమే' అని బోర్డు. రోజుకి పదిసార్లు చదివి వినిపిస్తాను.

మార్చి 6

మళ్లీ మధ్యాహ్నం కరెంటు లేదు. నాలుగు గంటలు. తోటకి మాత్రం వేరే లైను, పోదు. ఎదురింటి అక్క పసిబిడ్డకి వీపంతా చెమటకాయలు. అట్ట ముక్కతో విసిరి విసిరి అక్క చేతులు పడిపోయాయి. నేను తెచ్చుకునే పర్యావరణ ఉద్యమం వాళ్ల కొత్త కరపత్రంలో లెక్క ఉంది, ఒక చల్లటి గదిని నడిపే మిషను ఎన్ని ఇళ్ల కరెంటు తింటుందో. మన మంచు గదికి వేసి చూశాను. ముప్పై ఆరు ఇళ్లు. మా వీధి మొత్తం! లోకాన్ని వేడెక్కించి, ఆ వేడి నుంచి ఒక మొక్కని కాపాడుకోవడం. ఇంతకన్నా సిగ్గుచేటు ఉంటుందా అని అన్నం దగ్గర అరిచాను. లోకాన్ని ఉద్ధరించేవాళ్లు ముందు పొయ్యి మీద పాలు చూడాలని అమ్మ అంది. పొంగిపోయాయి.

నాన్న తలొంచుకుని అన్నం తిని, చెయ్యి కడుక్కుని లేచాడు. అదే నాకు మంట.

మార్చి 9

మైనస్ నలభై తట్టుకున్నది, ప్లస్ ముప్పై తట్టుకోదా?

మార్చి 10, సోమవారం, ఉదయం 10.30

తోటకి సెలవు. నాన్న కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. వెళ్తూ తాళాలు నా చేతికిచ్చి, సాయంత్రం ఒకసారి మిషను మీద వేడి చూపే ముల్లు చూసి రమ్మన్నాడు.

ఇప్పుడే వెళ్లి మిషను ఆపేశాను. తలుపు మీద కాగితం అంటించాను: 'ఈ గది తినే కరెంటుతో మా వీధి మొత్తం బతుకుతుంది. ఈ ఆరు గంటలూ వీధివి.' పుట్టాక మొదటిసారి ఒక పని చేశాను.

అదే రోజు, మధ్యాహ్నం 1.10

వీధిలో కరెంటు పోయింది. ఎప్పటిలాగే.

అదే రోజు, రాత్రి

నాలుగున్నరకి వెళ్లాను. ముల్లు నలభై మూడు మీద ఉంది. గాజు గదికి ఎండ ఏం చేస్తుందో నాలుగు గదుల్లో చెబుతాను నేను, పిల్లలకి, పాఠంలా. తలుపు తెరిస్తే ఆకుకూర ఉడికిన వాసన.

మిషను వేశాను. ముల్లు దిగడం మొదలైంది. చాలనుకున్నాను.

నాన్న డాక్టర్ దగ్గర్నుంచి ఇంటికి పోకుండా నేరుగా అక్కడికే వచ్చాడు. చుక్కల మందు వేసిన కళ్లు, ఏదీ ఆనడం లేదు. గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. మొక్క మీద అరచెయ్యి పెట్టాడు. అలాగే ఉంచాడు. చూడకుండానే తెలిసిపోయింది ఆయనకి.

తర్వాత తలుపు మీద ఏదో కాగితం తగిలిందని, చదవమన్నాడు.

చదివాను. రెండు వాక్యాలే. ఎంత పొడుగున్నాయో.

కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నన్నొక్క మాట అడగాల్సింది తల్లీ" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఎదురు తిరగడం నాకు వచ్చు.

మార్చి 11

నేను లేచేసరికే నాన్న తోట సూపర్నెంటు దగ్గరికి వెళ్లిపోయాడు. సోమవారం ఉదయం తను గది కడగడానికి మిషను ఆపి, మళ్లీ వేయడం మర్చిపోయానని చెప్పాడట. కళ్లు సరిగా లేవు కదా అని తనే సాక్ష్యం కూడా ఇచ్చుకున్నాడు. రేపటి నుంచి రావద్దన్నారు.

మార్చి 12

సూపర్నెంటు గదిలోకి అడక్కుండానే వెళ్లాను. ఆపింది నేను, కాగితం అంటించింది నేను అన్నాను. కాగితం ఏదీ అన్నాడు. లేదన్నాను. ఆయన నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. "నాన్న మీద అంత ప్రేమ ఉండటం మంచిదేనమ్మా. ఈ సంగతి ఇక్కడితో మర్చిపోతాను" అన్నాడు.

బల్ల మీద గట్టిగా కొట్టాను. జాలిగా చూశాడు. నా జీవితంలో నేను చెప్పిన ఒకే ఒక్క అవసరమైన నిజం, కూతురి అబద్ధంగా మిగిలింది.

మార్చి 13

పిల్లలు వచ్చారు. మూడు గదులే చూపించాను.

మార్చి 19

లెక్క తేల్చి పంపేటప్పుడు నాన్న ఒక్కటే అడిగాడట, ఆ మొక్క ఇవ్వమని. చచ్చిందే కదా, పట్టుకుపొమ్మన్నారు. వంటింటి కిటికీలో కుండీ పెట్టాడు. గోధుమరంగు దిండు.

ఎలా చచ్చిపోయిందని ఇవాళ అడిగాను. అడగడానికి తొమ్మిది రోజులు పట్టింది. కుండీ వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. "కొండ మీద గాలికి తట్టుకోవాలని నేలకి కరుచుకుని పెరుగుతుంది. లోపలి వెచ్చదనం బయటికి పోనివ్వకుండా బిగించుకుంటుంది. వేడొస్తే వదిలెయ్యడం దానికి తెలీదు. లోపల్లోపలే ఉడికిపోయింది."

ఈ ఇంట్లో ఇంకొకరు కూడా అలాగే ఉన్నారు. చూస్తూ కూర్చున్నాను.

మార్చి 30

చొక్కాలు ఉతుకుతుంటే జేబులో కాగితం దొరికిందని అమ్మ నా ముందు పెట్టింది. నా రాత గుర్తుపట్టింది. చదివింది. ఇన్నాళ్లూ ఆయన మతిమరుపుని ఆడిపోసుకుంటున్న మనిషి, చీపురు తీసుకుంటుందేమో అనుకున్నాను. కాగితం ఆరబెట్టి తెచ్చి, మళ్లీ ఆ జేబులోనే పెట్టింది.

సూపర్నెంటుకి చూపించి వస్తానని నాన్నతో అన్నాను. వద్దన్నాడు. నాకు ఎలాగూ కళ్లు పోతున్నాయి, నీ ఉద్యోగం ఉండనీ, పిల్లలకి చెప్పేవాళ్లు ఒకరుండాలి అన్నాడు.

కరపత్రాలన్నీ చింపబోయాను. చింపలేదు. అందులో రాసిందేదీ అబద్ధం కాదు. అదే నా ఖర్మ.

ఏప్రిల్ 8

నాన్న రోజూ ఉదయం కుండీ చుట్టూ ఐస్ ముక్కలు పేరుస్తున్నాడు. వేళ్లతో తడిమి, వరసగా. రాత్రుళ్లు ఫ్రిజ్‌లో ఐస్ ట్రే నింపి పెడుతోంది అమ్మ.

ఏప్రిల్ 14

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్రిజ్ తలుపు ఎవరూ తీయకండి అన్నాడు నాన్న. నాలుగు గంటలూ దానికి వీపు ఆనించి కూర్చున్నాను.