మంగళవారం తిట్లకు అనుమతి కోరుట

మే 7, గురువారం
ముత్తుమిట్ట

జాతర సభ్యతా పర్యవేక్షణ ప్రత్యేకాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ముత్తుమిట్ట గంగమ్మ జాతర – రెండవ దినము, బండవేషం – ఈ క్రింద సంతకము చేయువాడు తన సొంత నోటితో, తనకు వచ్చిన తిట్లతో, తనకు ఎదురైన వారిని తిట్టుకొనుటకు గల అడ్డంకులు తొలగించవలసినదిగా కోరుట – గురించి.

సూచిక: తమరి ఉత్తర్వు. (అమ్మవారి వేపచెట్టుకు మేకు కొట్టి తగిలించబడినది.)

కీర్తిశేషులు మునిరామయ్య కుమారుడు, అరవై మూడేళ్ళ వయస్సు గల దస్తావేజు లేఖరి, ముత్తుమిట్ట కాపురస్థుడు దేవరాజులు వ్రాసుకొను మనవి ఏమనగా:

1. తమరు ఈ ప్రాంతమునకు కొత్త గనుక ముందుగా ఒక సంగతి విన్నవించుచున్నాను. మా జాతరలో బండవేషం అనగా మగవాడు ఒంటినిండా కుంకుమ పూసుకుని, తలకు వేపమండలు చుట్టుకుని, వీధిలో ఎదురైన వారినల్లా నోరారా తిట్టడం. ఇది పోట్లాట కాదు, మొక్కు. వెనకటికి ఒక పాలెగాడు ఆడపిల్లలను చెరబడుతూ జనాన్ని పీడిస్తుంటే గంగమ్మ రోజుకొక వేషం కట్టి వాడికోసం వెతికిందట. వాడు భయపడి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి జనం వీధి వీధీ తిరిగి తిట్టారు. రోషం ఆపుకోలేక వాడు బయటికొచ్చాడు, అమ్మ చేతిలో చచ్చాడు. అప్పటినుంచీ బండవేషగాడి తిట్టు పడ్డవారికి ఏడాదంతా మేలు జరుగుతుందని మా నమ్మకం. ఆ పాలెగాడు సైతం తిట్లకు ముందస్తు అనుమతి తీసుకోమన్నట్టు మా పెద్దలెవరూ చెప్పలేదు. తమరిని వాడితో పోల్చుట నా ఉద్దేశం ఎంతమాత్రమూ కాదు. వాడు బయటికైనా వచ్చాడు. నేను మూడుసార్లు తమ కార్యాలయానికి వస్తే మూడుసార్లూ తమరు క్యాంపులో ఉన్నారని చెప్పారు.

2. నేను మామూలు రోజుల్లో ఎవరినీ పల్లెత్తు మాట అనే మనిషిని కాను. నలభై ఏళ్ళు గట్టు తగాదాల మధ్య కూర్చుని దస్తావేజులు రాసినవాణ్ణి. అన్నదమ్ములు నా బల్లమీదే చొక్కాలు పట్టుకుని కుమ్ముకుంటున్నా, సిరాబుడ్డి పక్కకు జరిపి, "తూర్పు సరిహద్దు ఎవరిది స్వామీ?" అని మెల్లగా అడిగేవాణ్ణి. ఏడాదంతా మింగినదంతా బండవేషం నాడు కక్కేవాణ్ణి. నా నోరు వినడానికి పక్క ఊళ్ళనుంచి ఆటోలు కట్టుకుని వచ్చేవారు. ఇది గొప్పకోసం చెప్పడం లేదు, విచారించుకోవచ్చును.

పోయిన మాఘమాసంలో నా గొంతులో గడ్డ ఉన్నట్టు తేలింది. ఈ నెల పదిహేనో తేదీ శుక్రవారం వేలూరులో ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. ప్రాణానికి భయం లేదు గానీ మాట మాత్రం ఉండదని డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. బండవేషం పన్నెండో తేదీ మంగళవారం. అంటే నా నోటికి ఇదే ఆఖరి జాతర. "తల్లీ, నిండా ఒక్కరోజు తిట్టనీ, తర్వాత ఈ గొంతు నీకే ఇచ్చేస్తాను" అని అమ్మకు మొక్కుకున్నాను. అర్జీ ఏదైనా నలభై ఐదు పనిదినాల్లో పరిశీలించబడునని తమ కార్యాలయం వారు తెలిపారు. నా దగ్గర ఉన్నవి ఐదు రోజులు, అందులో ఒకటి ఆదివారం.

3. తమరి ఉత్తర్వు రెండవ నిబంధన ప్రకారం తిట్టదలచినవారు వేషంలో ఉన్న ఫోటోతో పేరు నమోదు చేసుకోవాలి. జాతర రాకముందే వేషం కట్టడం అపచారం. అయినా అమ్మకు చెంపలేసుకుని, ముఖానికి కుంకుమ పూసుకుని వచ్చాను. తమ కార్యాలయంలోని ఫోటో యంత్రం "ముఖం గుర్తించబడలేదు" అన్నది. కడుక్కుని వచ్చాను. "వేషం గుర్తించబడలేదు" అన్నది. కార్యాలయంలోని వారి సలహామేరకు సగం ముఖానికి మాత్రం పూసుకుని నిలబడితే రెండు దరఖాస్తులుగా తీసుకుంది. తమ రికార్డుల ప్రకారం ముత్తుమిట్టలో ఇప్పుడు ఇద్దరు దేవరాజులున్నారు. ఒకరి దరఖాస్తు పెండింగు, రెండవవారిది తిరస్కృతం. వారిలో నేను ఎవరో తెలుపగలరు.

4. నాలుగవ నిబంధన ప్రకారం తిట్ల జాబితాను మూడు ప్రతులలో సమర్పించాలి. మా నాయన దగ్గర నేర్చినవి, నేను సొంతంగా కట్టినవి కలిపి నలభై మూడు రాసి ఇచ్చాను. వాటిని కంప్యూటరులో ఎక్కించే ఉద్యోగిని లోకేశ్వరి మంచి పిల్ల. ఆ అమ్మాయిని తప్పుపట్టవద్దు. జాబితా చూసి ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నా, ఇవి నేను చదవల్లనా? మా ఇంట్లో తెలిస్తే ఉజ్జోగం మానిపిస్తారు."

"అమ్మవారి పేరు తల్చుకుని చదువమ్మా, పాపం అంటదు" అన్నాను.

ఇంతలో పై కార్యాలయంనుంచి ఫోను. ఆమోదించవలసిన వారు తిట్లు ఒక్కొక్కటీ విని నిర్ణయిస్తారట. లోకేశ్వరి మొదట గొణిగింది. "గట్టిగా, స్పష్టంగా చదవండి" అని అవతలినుంచి గద్దించారు. ఆ అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుని, బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు నలభై మూడూ చదివేసింది. పదిహేనో తిట్టుకు వరండాలో జనన ధ్రువపత్రాలకోసం నిలబడిన జనం లోపలికొచ్చారు. ఇరవయ్యో తిట్టుకు చెప్పులు విడిచారు. ఒక ముసలామె లోకేశ్వరి ముందు నిమ్మకాయ పెట్టి, "తల్లీ, నా మనవడికి ఎనిమిదేండ్లు, ఇంకా మాట తిరగలేదు, వాణ్ణీ ఒకటి అనమ్మా" అని చేతులు జోడించింది. అలా తమ కార్యాలయంలోనే, తమ ఉత్తర్వుకు విరుద్ధంగా, వారం ముందుగానే జాతర జరిగిపోయింది. ఆనాటి సిసి కెమెరా చూసుకోవచ్చును.

నలభై మూడింటిలో నలభై కొట్టివేయబడ్డాయి. "నీ దుంప తెగ" అనే ఒక్కదానికి ఉద్యానశాఖ అభిప్రాయం కోరారు. మిగిలిన రెండూ తిట్లు కావు. పొరపాటున నా చిరునామా, ఫోను నంబరు ఆ జాబితాలోనే రాశాను.

కొట్టివేసిన వాటికి బదులుగా తమరు ఆమోదించిన తిట్ల పట్టిక ఇచ్చారు. చిత్తం. అందులో "ఓరి అజాగ్రత్తపరుడా", "తడిచెత్త పొడిచెత్త వేరు చేయని పౌరుడా", "నీ ప్రవర్తన పునఃపరిశీలించుకొనదగినది" అనేవి కలవు. అయ్యా, ఒంటినిండా కుంకుమతో, చేతిలో వేపమండతో నడివీధిలో నిలబడి నేను "నీ ప్రవర్తన పునఃపరిశీలించుకొనదగినది" అని అరిస్తే, మా గంగమ్మ గుడిలోనుంచి లేచి, అలిపిరి దాకా పరుగెత్తి, మెట్లన్నీ ఎక్కి, కొండమీది అన్నగారితో చెప్పుకుని ఏడుస్తుంది. ఆ పాపం నేను మోయలేను.

5. ఐదవ నిబంధన ప్రకారం తిట్టించుకొనువారి సమ్మతి పత్రం కావాలి. గొడుగులు, తాళాలు బాగుచేసే నవాబు నాకు చిన్ననాటి స్నేహితుడు. ముప్పై ఏళ్ళుగా నా మొదటి తిట్టు అతనికే. పొద్దున్నే అంగడి తెరిచి, టోపీ సర్దుకుని, పెళ్ళికొడుకులా మెట్టుమీద నిలబడి ఎదురుచూస్తాడు. కరోనా ఏడాది జాతర జరగక అతణ్ణి తిట్టలేకపోయాను. ఆ ఏడాదే కాలు విరిగి పుత్తూరులో కట్టు కట్టించుకున్నాడు. ఇప్పుడు ఈ ఉత్తర్వు సంగతి చెబితే నామీదికి లేచాడు.

"ఏమప్పా, మతి గినా పోయిందా నీకు? ఆ తూరి వదిలేస్తివి, రెండు నెలలు మంచాన పడుంటిని. ఈ తూరి ఏం ఇరగాలనుకుంటాండావు? నడుమా?"

"నేను కాదబ్బా, గవర్నమెంటు వద్దంటాంది" అన్నాను.

"నా కాలు ఇరిగినప్పుడు గవర్నమెంటొచ్చి మోసిందా? నువ్వు మోసినావు. నువ్వే తిట్టు!"

అతడు సమ్మతి పత్రం ఇచ్చాడు. "కారణం" అనే గడిలో "ఎముకల భద్రత" అని రాశాడు. అది సరిపోదని, పరమతస్థుణ్ణి తిట్టుటకు ఇరుపక్షాల పెద్దల నిరభ్యంతర పత్రాలు జతచేయాలని తిప్పి పంపారు. అయ్యా, మేమిద్దరం ఒకే బళ్ళో ఒకే పలక మీద దిద్దుకున్నవాళ్ళం. మా మధ్య లేని గీత తమరే గీసి, అది దాటడానికి మమ్మల్నే కాగితం అడగడం ఏం న్యాయం? ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది.

6. ఏడవ నిబంధన ప్రకారం తిట్లు సంత వెనక పశువుల దొడ్డిలో, టోకెన్ల వరుసలో, మనిషికి నాలుగు నిమిషాల చొప్పున తిట్టాలి. దీనిపై నేను చెప్పేది ఏమీ లేదు. పశువులే చెప్పుకోవాలి.

7. నేను ప్రభుత్వానికి వ్యతిరేకిని కాను. ఇంటిపన్ను గడువుకు ముందే కడతాను. పక్కవీధికి పాలకు పోయినా హెల్మెట్ పెట్టుకుంటాను. దొంగను పట్టండి, కాలువ పూడిక తీయండి, కుళాయికి నీళ్ళు వదలండి. చేతులు కట్టుకుని దండం పెడతాను. ఆ నీళ్ళు మూడు రోజులకొకసారి వస్తున్నాయి. వాటి జోలికి పోని ఉత్తర్వు మా నోటి జోలికి మాత్రం మూడు ప్రతులలో వచ్చింది. అమ్మ పెట్టనూ పెట్టదు, అడుక్కుతిననూ తిననివ్వదు.

మా జాతరకు కట్టుబాటు లేదని తమరు అనుకున్నట్టున్నారు. ఉంది. కులం ఎత్తకూడదు, ఎత్తినవాడి నోరు పడిపోతుంది. చావు జరిగిన ఇంటి ముందు నోరు మెదపకూడదు. కడుపుతో ఉన్న ఆడమనిషి ఎదురైతే తప్పుకుని దండం పెట్టాలి. నిజంగా పగ ఉన్నవాణ్ణి తిట్టనే కూడదు. కడుపులో విషం పెట్టుకుని తిడితే మొక్కు చెల్లదు. ఇవి ఏ గెజిట్టులోనూ అచ్చు కాలేదు. నాకు మా నాయన చెప్పాడు, ఆయనకు వాళ్ళ నాయన చెప్పాడు. మూడు తరాల్లో ఒక్క కేసు లేదు. తమరి ఉత్తర్వు వచ్చిన మూడు వారాల్లో నాలుగు కొట్లాటలు జరిగాయి. సమ్మతి పత్రంలో ఎవడి పేరు ముందుండాలని రెండు, "నన్నెందుకురా నీ జాబితాలో రాయలేదు?" అని రెండు.

బజారులో తమరు కట్టించిన బ్యానరు మీద "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని ఉంది. ఆ సామెత మా పెద్దలదే. దాన్ని చెప్పినవాళ్ళే ఏడాదికొక రోజు నోరు విప్పి వదిలేశారు. మనిషికి ఎంత కట్టు వేయాలో, ఎక్కడ వదులు చేయాలో వాళ్ళకు తెలుసు. పుత్తూరులో కట్టు కట్టేవాడు కూడా ముక్కు, నోరు మూసి కట్టడు. ఈరోజు తిట్టుకు కాగితం అడిగారు. రేపు పొగడ్తకు అడుగుతారు. ఎల్లుండి కూరలో ఉప్పు తక్కువైందని నేను ఇంట్లో అనాలంటే ఏ గదికి పోయి టోకెన్ తీసుకోవాలి?

కావున తమరు దయయుంచి మంగళవారం ఒక్కరోజు, తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా, నా నోరు నాకు వదిలిపెట్టవలసినదిగా ప్రార్థన. మిగతా నోరంతా శుక్రవారం డాక్టర్లకు అప్పగిస్తున్నాను. తమరికి అందులో తగవు ఉండదు.

ఇంతే నా మనవి. చిత్తగించినా, చించినా తమ దయ.

మంగళవారం మినహా
తమ విధేయుడు,
మునిరామయ్యగారి దేవరాజులు

జత: వైద్య పత్రం – 1, నవాబు సమ్మతి – 1, తిరస్కృతుడైన రెండవ దేవరాజులు ఫోటో (సగం).

తా.క.: ఈ అర్జీ సాపు రాసి, అలవాటు ప్రకారం నా భార్య వరదమ్మకు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని, పొయ్యి ఆపేసి, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఊరందర్నీ తిడతావే, నేనేం పాపం చేసినానయ్యా? ముప్పై ఎనిమిదేండ్లలో ఒక్క తూరన్నా తిట్టినావా నన్ను?"

"నువ్వేం చేసినావని తిట్టేది?" అన్నాను.

"చేసేదేముండాది. శుక్రవారం దాటితే ఆ గొంతు నాకు యాడ దొరకతాది? తిట్టో గిట్టో, ఏదో ఒకటి అను. చెవిలో పెట్టుకుంటా."

నోరు తెరిచాను. అయ్యా, నలభై ఒక్క తిట్లలో ఒక్కటీ రాలేదు. "వరదా" అని మాత్రం వచ్చింది. అదీ బొంగురుగా. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇదేం తిట్టురా సన్నాసీ!" అని ఆమే నన్ను తిట్టింది. పెళ్ళయినప్పటినుంచీ నన్ను 'రా' అనడం అదే మొదలు.

అందుచేత ఈ అర్జీపై నిర్ణయం తీసుకునే శ్రమ తమరికి అక్కరలేదు. మంగళవారం పొద్దున ఏడుగంటలకు నేను కుంకుమ పూసుకుని వీధిలోకి వస్తున్నాను. నవాబు అయ్యాక, బజారు అయ్యాక, తమ కార్యాలయం ముందుకు వస్తాను. క్యాంపుకు పోకుండా మెట్టుమీద నిలబడండి. తమ పిల్లలు చల్లగా ఉంటారు.

కేసు పెట్టదలిస్తే శుక్రవారం తర్వాత పెట్టండి. "ఏమయ్యా, నువ్వేం చెప్పుకుంటావు?" అని జడ్జిగారు అడిగితే నేను ఒక్క మాటైనా అనలేను. తమరే గెలుస్తారు.