రోడ్డు మీద కళ్లం

గౌరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈవేళ నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. బడి ముందు రోడ్డుకి స్పీడ్ బ్రేకర్ వేశారు.

ఆటోనగర్ నుంచి వచ్చే లారీలు పిల్లల్ని దాటనిచ్చేవి కావు. మన ఊళ్లో ఉలవ మొక్కలు నూర్పిడికని రోడ్డు మీద పరిస్తే బళ్లు నెమ్మదించేవి. అది గుర్తుపెట్టుకుని నువ్వు రోజూ బడి వేళకి వీధి చివరి గేదెల పాకలోంచి వరిగడ్డి తెచ్చి రోడ్డుకి అడ్డంగా పరిచేదానివి. నాకు సిగ్గేసేది. పల్లెటూరివాళ్లమని నవ్వుతారనేవాణ్ణి.

ఒక డ్రైవరు తల బయటపెట్టి, "ఏటప్పా, రోడ్డు నీ కళ్లమేటి?" అని వెక్కిరించాడు.

"కళ్లమే తమ్ముడూ. మెల్లగా తొక్కు, గింజలు సితికిపోతాయి" అన్నావు. ఆ గడ్డిలో గింజ ఒక్కటి లేదు. అయినా వాడు నవ్వుకుంటూ నిదానంగానే పోయాడు.

నువ్వు పోయాక ఆ గడ్డి వీధి ఆడవాళ్లు పరిచారు, ఒక్కరోజూ మానలేదు. చివరికి స్పీడ్ బ్రేకర్ కొలతలకి ఇంజినీరు వచ్చాడు. మలుపు దగ్గర వేద్దామన్నాడు. ఎక్కడా నోరు విప్పనివాణ్ణి, వెళ్లి నువ్వు గడ్డి పరిచిన చోట కాలితో గీత గీశాను. అక్కడే వేశారు.

ఈ ఉదయం మన చిన్నది మొదటిసారి ఒంటరిగా రోడ్డు దాటింది. నేను గుమ్మంలోంచి చూశాను. అప్పుడే లారీ వచ్చింది. క్లీనరు తలుపు మీద చరిచి అరిచాడు.

"కళ్లం వచ్చీసింది, బ్రేకెయ్ బావా!"

ఇప్పుడక్కడ గడ్డిపరక కూడా లేదు గౌరీ.