బోటు వేళల మీద ప్రకటన పెట్టరాదు

కేరళలో కుట్టనాడు ప్రాంతం, కావాలం రేవు ఎదుటి ఇంట్లో కాపురముంటున్న కల్లుపురయ్‌కల్ ఇట్టియవిరా కురువిళ అనే నేను, వయస్సు డెబ్బై రెండు, బోటు స్టేషనులో ముప్పై ఒక్క సంవత్సరాలు టికెట్లు ఇచ్చి రిటైరైనవాడిని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పొద్దున్నే ఉడకబెట్టిన కర్రపెండలం, చేపల పులుసు కడుపునిండా తిని, పూర్తి తెలివితో రాసుకుంటున్న వీలునామా ఇది. తెలివి సంగతి డాక్టరు కాగితం మీద రాసిచ్చారు, జతపరిచాను. ఈ విషయంలో నా భార్య శోశామ్మ అభిప్రాయం వేరు. అది కోర్టులో చెల్లదని వకీలు కైమళ్ గారు భరోసా ఇచ్చారు. ఇదివరకు నేను రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు.

1. ఇల్లు, దాని చుట్టూ ఉన్న ఆరు సెంట్ల స్థలం, పద్దెనిమిది బాతులు నా తదనంతరం శోశామ్మకు సర్వహక్కులతో చెందుతాయి. బాతులు ఎలాగూ ఆమె మాటే వింటాయి, నేనూ అంతే.

2. ఇక అసలు ఆస్తి, నా వెబ్‌సైటు. రిటైరైన మర్నాటి నుంచీ ఇంటికి ఫోన్లు మొదలయ్యాయి. నోట్లో ముద్ద ఉండగానే, "సారూ, రెండున్నర బోటు పోయిందా? మళ్ళీ ఎన్నింటికి?" అని అడిగేవారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. క్షేమంగా దిగామని చెప్పిన పాపాన ఒక్కడూ పోలేదు. ఆ పోరు పడలేక పద్నాలుగు రేవుల వేళలూ వెబ్‌సైటులో పెట్టించాను. తయారుచేసింది నా కూతురు రీనూ, రోజూ బోటెక్కి బడికి వెళ్ళి పాఠాలు చెప్పే టీచరు. ఖర్చులకని పక్కన ప్రకటనలు పెట్టించింది కూడా ఆమే. ప్రకటనలు పంపడానికి ఒక కంపెనీ ఉంది, మనం చోటిస్తే చాలు. జనం చూస్తే పైసలు, వేలితో నొక్కితే రూపాయలు. మోకాళ్ళ నూనె, బంగారం మీద అప్పు, పెళ్ళి చీరలు కలిసి ఆరేళ్ళుగా నా సైటును పోషిస్తున్నాయి.

3. నా బావమరిది చాండిక్కుంజుకు నా పొడుగుకర్ర నల్ల గొడుగు, నా క్షమ ఇస్తున్నాను. గొడుగు వెంటనే ఇవ్వాలి. క్షమ ఏడాది గడిచాక ఇవ్వాలి. కారణం అందరికీ తెలిసిందే అయినా రికార్డులో ఉండాలి. మా చర్చి వార్డు ప్రార్థన కూటంలో ఈయన లేచి, "మా బావ సైటులో ప్రకటనలున్నాయి. రాత్రి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ పదేసిసార్లు నొక్కండి. మీ జేబులో పైసా పోదు, మనవాడికి నాలుగు డబ్బులొస్తాయి" అని చెప్పాడు. నాకు తెలియనే తెలియదు. నలభై ఇళ్ళవాళ్ళు ఆమెన్ అనగానే ఫోన్లు తీసి భక్తిగా నొక్కారు. ఒకే వార్డులో నలభై ఇళ్ళకు రోజూ ఒకే వేళకు బట్టతల మందు మీద అంత ప్రేమ పుట్టడం కంపెనీవారికి నమ్మశక్యం కాలేదు. మోసమని మూడు ముక్కల ఉత్తరం పంపి నా ఖాతా మూసేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఫాదరు గారి సిఫారసు జోడించి పదకొండు పేజీల అర్జీ పెట్టుకుంటే ఎనిమిది నెలలకు మళ్ళీ తెరిచారు. కాబట్టి ప్రేమతోనైనా సరే, బంధువులెవరూ నా సైటులో ప్రకటనల మీద వేలు పెట్టరాదు.

4. చాండిక్కుంజు కొడుకు టోజో తెలివైనవాడు, సైటు తనకే రావాలని ఆశపడుతున్నాడు. "మామయ్యా, ప్రకటన పక్కన మూల కూర్చుంటే ఎవడు చూస్తాడు? నెత్తినెక్కి కూర్చోవాలి" అన్నాడు. నాకూ ఆశ పుట్టింది, ఒప్పుకుంటున్నాను. సైటు తెరవగానే ప్రకటన తెరంతా కప్పేసేలా పెట్టాడు. మూసే గుర్తు ఆవగింజంత ఉండేది. పది రోజుల్లో రాబడి మూడింతలయింది. పదకొండో రోజున కైనకరి ఊరి భార్గవి మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది, బాతులు మేపుకునే మనిషి. ముందురోజు మనవడి అన్నప్రాసనకు బయలుదేరి, రేవు వెనక నీడన కూర్చుని నా సైటు తెరిచిందట. బంగారం అప్పు ప్రకటన తప్ప ఏమీ కనబడలేదట. దాన్ని తోసే తంటాలో ఆమె ఉండగానే బోటు వెళ్ళిపోయింది. ఆమె చేరేసరికి బిడ్డకు అన్నం తినిపించడం అయిపోయి, చుట్టాలు చేతులు కడుక్కుంటున్నారు.

"సారూ, నీ బంగారం అప్పు నాకొద్దు. నా బోటు నాకియ్యి" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళు కౌంటరులో కూర్చుని ఒక్క ప్రయాణికుడికీ తప్పు వేళ చెప్పలేదు. ఆ రోజు సిగ్గుతో అన్నం సయించలేదు. సాయంత్రానికి ఆ ప్రకటన తీయించేశాను.

5. ఆ పది రోజుల అదనపు రాబడితో భార్గవి మనవడికి వెండి గిన్నె కొన్నాను. ఆమె తీసుకోలేదు. "తప్పు నీది, గిన్నె నాకెందుకు?" అంది. అందుకే దాన్ని ఈ వీలునామాలో ఇస్తున్నాను. బతికున్నవాడు ఇస్తే వద్దనవచ్చు. పోయినవాడిది ఎవరికి తిరిగిస్తుంది?

6. వెబ్‌సైటు, దాని పేరు, దాని రాబడి రీనూకు దఖలు. షరతులివి. రోజూ పొద్దున ఆరింటికల్లా బోటు మాస్టర్లకు ఫోన్ చేసి వేళలు సరిచూడాలి, వరద రోజుల్లో మరీను. ప్రకటనలన్నీ వేళల కిందే ఉండాలి. కంపెనీ ఎంత ఎక్కువ ఇస్తామన్నా పైచోటు అమ్మరాదు. రాబడి ఖర్చులకు చాలకపోతే టోజో ఊరి గొడుగుల కొట్టు, బాతుకూర హోటలు తిరిగి ప్రకటనలు తెచ్చిపెట్టి, తెచ్చినదాంట్లో సగం తీసుకోవచ్చు. సైటు తాళం మాత్రం వాడి చేతికివ్వకూడదు. వాడంటే నాకు ప్రేమే, అందుకే ఇంత స్పష్టంగా రాస్తున్నాను.

7. నేను పోయిన రోజున మావాళ్ళు ఏం చేస్తారో తెలుసు. జంక్షన్‌లో ఫ్లెక్సీ కడతారు, సైటు నిండా నా ఫోటో పెట్టి చుట్టూ పూలు అతికిస్తారు. పెట్టరాదు. ఆ రోజూ బోట్లు తిరుగుతాయి, ఆసుపత్రికి పోయేవాళ్ళుంటారు, నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళకు కూడా బోటు కావాలి. ఫోటో పెట్టే తీరాలంటే వేళల కింద, మోకాళ్ళ నూనె పక్కన చిన్నగా పెట్టండి. పైన మాత్రం వచ్చే బోటు ఎన్నింటికో ఉండాలి.

ఈ వీలునామా అమలు చేసే బాధ్యత వకీలు కైమళ్ గారిది. చదివి, అర్థమై, ఇష్టపూర్వకంగా చేసిన సంతకం.

కావాలం, 2023 ఆగస్టు 9, ఉదయం పదకొండు గంటలు.

(సం.) క. ఇ. కురువిళ

సాక్షులు:
1. పి. ఎన్. సుగతన్, బోటు మాస్టరు, కావాలం
2. మాత్తుక్కుట్టి, టీ కొట్టు, రేవు దగ్గర