పిడుగు గారి కాలినడక

ముద్దుల మరదలికి,

ముద్దు ఉత్తరం వరకే. ఎదురుగా ఉండుంటే ఈపాటికి నీ నెత్తిన రెండు మొట్టికాయలు పడేవి. ఫోనులోనే తిడదామనుకున్నాను గానీ మా ఇంటి గోడల సంగతి నీకు తెలుసుగా, పడకగదిలో గుసగుసలాడినా ముందు గదిలో ఉన్న మీ అన్నయ్య చెవిన పడుతుంది. అందుకే మా కుట్టు కార్ఖానాలో, కటింగ్ బల్ల మీద, పాత ప్యాటర్న్ కాగితం వెనక రాస్తున్నాను. అక్కడక్కడా చంక కొలతలు కనిపిస్తే పట్టించుకోకు.

నీ నేరం ఏమిటో విను. మీ అన్నయ్య లిఫ్టు మెకానిక్‌గా ఉద్యోగంలో చేరినప్పుడు ‘ఏడు తీరాలు’ అనే ఆన్‌లైన్ ఆట కొనిపెట్టింది నువ్వేనట కదా. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, తెర మీద తలా ఒక బొమ్మ మనిషై, లేని దేశంలో కలిసి తిరగడం. నువ్వు నెల తిరక్కుండానే విసుగొచ్చి వదిలేశావు, హాయిగా పళ్ళ డాక్టరువి అయిపోయావు. తను మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఆ తర్వాత ఎన్ని కొత్త ఆటలొచ్చాయో, ఎన్ని పోయాయో. ఇది మాత్రం చావలేదు, మీ అన్నయ్యా దాన్ని వదల్లేదు. సాయంత్రం పనిలోంచి వస్తాడు, గ్రీజు చేతులు కడుక్కుంటాడు, కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఇక భోజనానికి పిలిచేదాకా ఆ మనిషి మనవాడు కాదు.

చెడ్డవాడు అనడం లేదు. గిన్నెలు తోముతాడు, బజారుకి వెళ్ళొస్తాడు. కానీ మాటల్లేవు తల్లీ. నేను కార్ఖానా కబుర్లన్నీ ఏకరువు పెడితే ‘ఊఁ’ అంటాడు. ఏం వండమంటావంటే ‘ఏదైనా సరే’ అంటాడు. ఏ గదిలోంచి బయటికొచ్చినా లైటు ఆర్పడు, నేను వెనకాలే తిరుగుతూ ఆర్పుకుంటూ వస్తాను. మా కాపురంలో మాటలకంటే స్విచ్చుల చప్పుడే ఎక్కువ. అలాంటి మనిషి ఆ కీబోర్డు మీద టకటకా టకటకా కొడుతూ ఉంటాడు, తనలో తను నవ్వుకుంటాడు కూడా. నవ్వు వినిపించినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. మొదట్లో బాగా తిట్టేదాన్ని. ఈమధ్య అదీ మానేశాను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, మీ అమ్మకి చెప్పకు. మా యజమాని ఇంకో ఊళ్ళో కార్ఖానా తెరుస్తున్నాడు. అక్కడ కటింగ్ అంతా నన్ను చూసుకోమంటున్నాడు. ఇన్నేళ్ళుగా ఎవరో గీసిన గీత మీద కత్తెర నడిపాను, ఇప్పుడు గీత గీసేది నేను. ఈ నెలాఖరులోగా చెప్పాలి. మీ అన్నయ్యకి చెప్పలేదు. రమ్మని అడిగితే వస్తాడేమో, కానీ ‘ఊఁ, సరే’ అని వస్తాడు. అలా రావడం నాకు అక్కర్లేదు. ఒక్కదాన్నే వెళ్ళిపోదామనుకుంటున్నాను. నేను లేనని తెలియడానికి ఎన్నాళ్ళు పడుతుందో చూద్దామని ఉంది. రాస్తుంటే ఏడుపొస్తోంది, అందుకని ఇక్కడ ఆపేస్తున్నాను.

నీ మీద పీకల దాకా కోపంతో,
నీ వదిన

---

గడుగ్గాయి మరదలికి,

నీ జవాబు అందింది. నేను పేజీలు పేజీలు గోడు వెళ్ళబోసుకుంటే నువ్వు రాసింది రెండే ముక్కలు: ‘వెళ్ళిపోయే ముందు ఒకసారి లోపలికి వెళ్ళి చూడు వదినా. ఏముందో తెలియకుండా వదిలేస్తే జీవితాంతం బుర్ర తొలుచుకుంటావు.’ అన్నాచెల్లెళ్ళిద్దరికీ మాటల కరువే. సరే, నీ మాట విన్నాను. కార్ఖానా లెక్కలు రాసుకోవాలని చెప్పి పడకగదిలో తలుపేసుకుని, నా లాప్‌టాప్‌లో ఆ ఆట పెట్టుకున్నాను. పేరు అడిగింది. భయపడేలా ఉండాలని ‘పిడుగు’ అని కొట్టాను.

పిడుగు గారు ఆ దేశంలో అడుగుపెట్టిన కాసేపటికే కుందేలు చేతిలో చచ్చిపోయారు. నవ్వకు. లేచి మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అదే కుందేలు. మూడోసారి ఎవరో ఒక పెద్ద డాలు పట్టుకున్నవాడు వచ్చి నాకూ కుందేలుకీ మధ్య నిలబడ్డాడు. పేరు చూస్తే ‘నత్త’, మా ఇంట్లో తెర మీద రోజూ కనిపించే పేరే. మీ అన్నయ్యే. అందరికంటే నిదానంగా నడుస్తాడని జట్టువాళ్ళు పెట్టిన పేరట. ‘కంగారు పడకండి పిడుగు గారూ, ఈ కుందేలు అందరినీ ఏడిపించింది’ అని రాశాడు. గారు అట. నన్ను ఎప్పుడైనా అలా అన్నాడా?

వాళ్ళ జట్టులో ఒక ఆచారం ఉంది. ఆ దేశంలో గుర్రాలున్నాయి, పడవలున్నాయి, కన్ను మూసి తెరిచేలోగా ఎక్కడికైనా చేర్చే మాయద్వారాలున్నాయి. కానీ కొత్తగా చేరినవాళ్ళని మొదటి ఊరి నుంచి సముద్రం దాకా పాతవాళ్ళు ఒకరు కాలినడకన తీసుకెళ్ళాలి. దానివల్ల ఆటలో ఏ లాభమూ రాదు, బోలెడు సాయంత్రాలు దండగ. అయినా ఎవరూ మానలేదట. ప్రతివాళ్ళనీ ఒకప్పుడు ఎవరో నడిపించారు, ప్రతివాళ్ళూ ఇంకెవరినో నడిపించారు. నా వంతుకి నత్త గారు దొరికారు.

నడుస్తున్నాం. అబ్బే, అందమేమీ లేదు. చెట్లు అట్టముక్క కత్తిరించి నిలబెట్టినట్టున్నాయి, గుర్రాల కాళ్ళు నేలలో కూరుకుపోతున్నాయి. కోటలో రాజుగారు వేసుకున్న అంగీకి చంక దగ్గర కటింగే తప్పు, ఆ మాట అనకుండా ఉండలేకపోయాను. చీకటి పడితే దారిలో సత్రాల్లో ఆగాలి. గదిలోంచి వెళ్ళేటప్పుడు దీపాలు అలాగే వెలుగుతూ వదిలేసి పోతారు అందరూ. దీపం మీద నొక్కితే ఆరిపోతుంది, ఆ మాత్రం చేయడానికి ఏం రోగమో. నేనే ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ వస్తున్నాను.

మధ్యలో జట్టువాళ్ళు వచ్చి కలుస్తారు. ఒకాయన లారీ డ్రైవరు, అందరూ బాబాయ్ అంటారు. ఇంత పాత ఆటని పట్టుకుని ఎందుకు వేలాడుతున్నారని అడిగేశాను. రోజూ ఒక ఊళ్ళో పడుకుంటానమ్మా, ఫోను తెరిచి ఇందులోకి వస్తే మాత్రం ఎప్పుడూ ఇదే ఊరు, ఇదే వీధి అన్నాడు. ఇంకొకావిడ ఆసుపత్రిలో నర్సు. ఆటలో కూడా వైద్యమే చేస్తుంది, పడిపోయినవాళ్ళని లేపుతుంది. పగలంతా చేసింది చాలదా తల్లీ అన్నాను. ‘ఇక్కడ చనిపోయినవాళ్ళు లేస్తారండీ’ అని రాసింది.

మీ అన్నయ్యని కూడా అడిగాను. ఏమన్నాడో ఉన్నదున్నట్టు దించుతున్నాను: ‘పగలంతా లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళని బయటికి తీస్తానండీ. తలుపు తెరుచుకోగానే వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు, వాళ్ళ కంగారు వాళ్ళది. ఇక్కడ నేను నడిపించినవాళ్ళు మర్నాడు మళ్ళీ వస్తారు. నేను రాకపోతే ఏమయ్యాడని అడుగుతారు.’ ఇంత పొడుగు మాట తన నోట నేనెప్పుడూ వినలేదు. గోడకి అవతల కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది, ఇవతల నా తెర మీద అక్షరాలు పడుతున్నాయి. తన మీద జాలేసింది, నా మీద నాకు కోపమొచ్చింది, మళ్ళీ తన మీదే కోపమొచ్చింది. ఈ మాట పరాయి పిడుగుతో చెప్పేబదులు ఇంట్లో ఉన్నదానితో చెప్పొచ్చుగా?

ఉండబట్టలేక, ఇంట్లో మీ ఆవిడ ఏమీ అనదా అని అడిగాను. కాసేపు నడిచాక రాశాడు. ‘తిట్టేదండీ. ఈమధ్య తిట్టడం మానేసింది. అప్పటినుంచి భయంగా ఉంది.’

మరదలా, ఇంకో రెండు మజిలీలు దాటితే సముద్రం. అక్కడ ఇంకో ఆచారం ఉందట. నడిచొచ్చినవాళ్ళు నడిపించినవాళ్ళని ఒకే ఒక ప్రశ్న అడగొచ్చు, అవతలివాళ్ళు నిజమే చెప్పాలి. ఏం అడగాలో నాకు తెలుసు. జవాబుని బట్టి మా యజమానికి ఏం చెప్పాలో తేల్చుకుంటాను.

కుందేలు చేతిలో చచ్చి బతికిన
నీ వదిన

---

బంగారంలాంటి నా మరదలికి,

ఈసారి ఇంట్లోనే, వంటింటి బల్ల మీద కూర్చుని మంచి కాగితం మీదే రాస్తున్నాను. ఎవరు చూసినా భయం లేదు.

నిన్న సాయంత్రం సముద్రం చేరాం. ఉత్త నీలం రంగు గుడ్డ పరిచినట్టుంది, అలలు కూడా సరిగ్గా లేవు. అయినా ఎదురుగా కనబడగానే పిడుగు గారి చేత గంతులు వేయించాను. అంత దూరం నడిచానుగా మరి. జట్టంతా ఒడ్డున వరసగా నిలబడింది. లారీ బాబాయ్ ఏదో ఊళ్ళో బండి పక్కకి పెట్టి మరీ వచ్చాడట. అందరూ చప్పట్లు కొట్టారు. అడగండి పిడుగు గారూ అన్నారు.

నేను రాశాను: ‘మీ ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోతే మీరేం చేస్తారు?’

నత్త గారు కదల్లేదు. గోడకి అవతల కీబోర్డు చప్పుడు కూడా ఆగిపోయింది. ఏం రాయాలో ఆలోచిస్తున్నాడు, ‘ఊఁ’ అని రాస్తాడేమో, అలా రాస్తే ఈ లాప్‌టాప్ మూసేసి బట్టలు సర్దుకోవడమే అనుకున్నాను. ఇంతలో కుర్చీ జరిగిన చప్పుడయింది. తర్వాత అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకుంది.

మీ అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది. నన్ను చూసి, నా ఒళ్ళో ఉన్న లాప్‌టాప్ చూసి, అన్నాడు.

“సామాను నేను సర్దుతాను. నువ్వు సర్దితే నా స్క్రూడ్రైవర్లన్నీ పారేస్తావు.”

ఎప్పటినుంచి తెలుసని అడిగాను. మొదటి సత్రం నుంచీ తెలుసట. “ఇన్నేళ్ళలో ఆ సత్రంలో దీపాలు ఆర్పినవాళ్ళని నేను చూడలేదు” అన్నాడు. అనుమానం అక్కడ వచ్చిందట, రాజుగారి అంగీకి చంక కటింగ్ తప్పని పిడుగు గారు తీర్పు చెప్పాక ఖాయమైపోయిందట. చెప్పొచ్చుగా మరి, నన్ను పిచ్చిదాన్ని చేసి ఇన్ని కోసులు నడిపిస్తావా అని ఇంతెత్తున లేచాను. అప్పుడు మంచం అంచు మీద కూర్చున్నాడు.

“చెబితే నువ్వు ఆపేస్తావని చెప్పలేదు. నువ్వు నన్ను ఏదైనా అడిగి, జవాబు వినడానికి ఆగి చాలా రోజులైంది.”

చూశావా నేరం ఎటు తిరిగిందో. తను మాట్లాడడని నేను ఊరంతా చాటాను. నేను ఆగనని తను ఎవరికీ చెప్పుకోలేదు. నిజమే, నేను ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేలోగా ఇంకో మూడు కబుర్లు చెప్పేస్తాను. ఆ ఆటలో మాత్రం నాకు టైపు చేయడం సరిగ్గా రాదు కదా, ఒక్కొక్క అక్షరం వెతుక్కునేలోగా తనకి జవాబు రాయడానికి కావలసినంత తీరిక. తిట్టడం మానేసిందని భయంగా ఉందన్నాడు చూడు, అది పిడుగుతో కాదు, నాతోనే అన్నాడన్నమాట. ఆ మాట తలుచుకుని కాసేపు ఏడ్చాను, కాసేపు తిట్టాను. తిడుతుంటే మీ అన్నయ్య మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

ఊరు మారే సంగతి తనకి ఆ ప్రశ్నతోనే తెలిసింది. ఏ ఊరో, ఏమి ఉద్యోగమో ఆ తర్వాతే అడిగాడు. అన్నీ చెప్పాను, మధ్యలో ఆగి ఆగి చెప్పాను. గీత గీసేది ఇక నేనే అనగానే, పెద్ద బల్ల వేయించుకో, నడుము నొప్పి రాకుండా ఎత్తు సరిచూసుకో అన్నాడు. తన ఉద్యోగం మాటేమిటంటే, లిఫ్టు ఆగిపోని ఊరు ఎక్కడైనా ఉందా అన్నాడు. ఇవాళ పొద్దున్నే మా యజమానికి వస్తున్నానని చెప్పేశాను. జట్టు ఎలాగూ వెంటే వస్తుంది, దానికి సామాను సర్దనక్కర్లేదు.

జట్టంటే గుర్తొచ్చింది. మేమిద్దరం ఇక్కడ కూర్చుని మాట్లాడుకుంటుంటే, అక్కడ నత్తా పిడుగూ సముద్రం ఒడ్డున కొయ్యబొమ్మల్లా నిలబడిపోయారట. పాపం జట్టు గాభరా పడిపోయింది. తిరిగి తెర చూసేసరికి నత్తా ఏమయ్యావు, పిడుగు గారూ ఉన్నారా అని బారెడు పొడుగున రాసి ఉంది. ఒక్కరు కూడా వెళ్ళిపోలేదు. ప్రశ్నకి జవాబు వచ్చిందండీ అని రాశాను. ఏమిటని అడిగితే, నేను ఆయన భార్యనని చెప్పాను. నర్సమ్మ నవ్వాపుకోలేకపోతున్నానని రాసింది. లారీ బాబాయ్ మాత్రం, అయితే ఆ దీపాల గొడవ నువ్వేనా తల్లీ, చీకట్లో రెండుసార్లు మెట్ల మీంచి పడ్డాను అన్నాడు.

మీ అన్నయ్య ఇన్నేళ్ళు ఆ ఆటని ఎందుకు వదల్లేదో ఇప్పుడు నాకు అర్థమైంది. అక్కడ తను ఆలస్యంగా జవాబిచ్చినా నిలబడేవాళ్ళున్నారు. ఇంట్లో నేనూ నేర్చుకుంటున్నాను, కష్టంగానే ఉంది. నిన్న రాత్రి పొయ్యి వెలిగించే ముందు ఏం వండమంటావని అడిగి పెదాలు బిగించుకుని కూర్చున్నాను. చాలాసేపటికి, బంగాళాదుంపలు వేయించు అన్నాడు. ‘ఏదైనా సరే’ కానందుకు పండగలా అనిపించింది నాకు.

ఇక నీ సంగతి. సముద్రం చేరినవాళ్ళు ఇంకొకర్ని నడిపించి తీరాలి, అది ఆచారం. నేను నీ పేరు చెప్పేశాను, తప్పించుకోలేవు. ఆదివారం సాయంత్రం నీ పళ్ళ సెట్లు పక్కన పెట్టి రా. మొదటి ఊరి గేటు దగ్గర నిలబడి ఉంటాను. కుందేలు కనిపిస్తే కదలకు, నేను చూసుకుంటాను. నీకు తెలుసో లేదో, ఆ ఆటలో మానేసినవాళ్ళ బొమ్మలు మాయమైపోవు. చివరిసారి ఎక్కడ పడుకున్నాయో ఆ సత్రంలోనే నిద్రపోతుంటాయి. నీది మొదటి ఊరి సత్రంలో, మేడ మీద చివరి గదిలో ఉంది, మీ అన్నయ్య తీసుకెళ్ళి చూపించాడు. రెండు జడలేసుకుని గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. వచ్చే దారిలో అన్ని దీపాలూ ఆర్పాను గానీ, నీ గదిలోది మాత్రం ఆర్పలేదు.

నీ కోసం గేటు దగ్గర ఆగి ఉన్న
నీ వదిన, పిడుగు