ఎత్తి తాగిన సీసా

వరహాలు బావకి,

వార్డు గుమ్మం దాకా వచ్చాను. లోపలికి రావడానికి మొహం చెల్లక ఈ కాగితం అక్క చేత పంపుతున్నాను.

బోటు బ్యాటరీలో పోసే యాసిడ్‌ని తాగునీళ్ల సీసాలోకి వంపింది నేనే. కరిగిపోతున్న చెయ్యి బొమ్మ అంటించిన డబ్బా బరువుగా ఉందని హార్బర్లోనే వదిలేశాను. సీసా మీద ఒక్క ముక్క కూడా రాయలేదు. పైగా నీళ్ల సీసాల పక్కనే పెట్టాను. బోటులో అంతా మనవాళ్లే కదా, అందరికీ చెప్తాలే అనుకున్నాను. చెప్పడం మరిచిపోయాను.

చీకట్లో నువ్వు ఎప్పటిలాగే మూతి పెట్టకుండా ఎత్తి పోసుకున్నావు. నాలుకకి తెలిసేలోపే గొంతులోకి దిగిపోయింది. మాకు ఎంగిలి నీళ్లు మిగల్చకూడదనే కదా బావా, అలా తాగావు.

"సీసా ఎవులు ఎట్టారని డాక్టరమ్మ అడిగితే, మీ బావ మాట రాక తన గుండె మీదే ఏలెట్టుకున్నాడ్రా" అని అక్క ఏడ్చింది. నా నోటికేం కాలేదు, అయినా పెగల్లేదు.

తప్పు నీదేననుకుని, నిన్నిక బోటెక్కనివ్వనని ఓనరు అంటున్నాడు. రేపు ఆసుపత్రికి వస్తాడు. నేను నీ మంచం పక్కనే నిలబడతాను. ఆ వేలు నా వైపు చూపించు.

ఈ కాగితం మడత పెట్టకుండానే ఇస్తున్నాను. ముందు అక్కే చదవాలి.

నీ బామ్మర్ది